నాంచారమ్మ నారుమడికి మట్టి సారె

అనగనగా నాపరాళ్ళ దిబ్బల పక్కన ఒక ఊళ్ళో నాంచారమ్మ అని ఒకావిడ ఉండేదిట. ఊ కొట్టాలి మరి, అమ్మడూ. నువ్వు ఊ కొట్టకపోతే నాకు నిద్రొస్తుంది, నీకు కథ పోతుంది.

ఆ నాంచారమ్మకి భయం ఎక్కువ. పొయ్యి మీద పాలు పెడితే పొంగిపోతాయేమోనని భయం, పొంగకపోతే విరిగాయేమోనని భయం. మొగుడు వీరాస్వామి పొలం నుంచి కాస్త ఆలస్యంగా వస్తే, ఎద్దు పొడిచిందేమోనని వీధిలోకి పరుగు. పెందలాడే వస్తే, జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టి చూడటం. మనసు వెన్నే పాపం. ఆ మనసుకి కుదురు లేదు, అంతే.

ఆవిడ దగ్గర ఒక చిన్న మూట ఉండేది. పాత చీరకొంగు చింపి కట్టిన మూట. అందులో గుండుమిరప గింజలు. రేగుపండులా గుండ్రంగా కాసే మిరపకాయ అది. రెండు కాయలు పచ్చట్లో పడితే ఇంటిల్లిపాదీ కన్నీళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ మళ్ళీ వడ్డించుకునేవాళ్ళు. సంతలో దొరికే విత్తనం కాదది. నాంచారమ్మకి వాళ్ళమ్మ ఇచ్చింది, వాళ్ళమ్మకి వాళ్ళమ్మ ఇచ్చింది. అత్తారింటికి వెళ్ళే ఆడపిల్ల కొంగున ఆ గింజలు ముడివేసి పంపడం వాళ్ళింటి ఆనవాయితీ.

వాళ్ళమ్మ పోయేముందు నాంచారమ్మ చెయ్యి పట్టుకుని ఒక్కటే మాట అంది. "ఇది నీ దగ్గర ఆగిపోకూడదు తల్లీ." అసలే భయస్తురాలు. ఆ మాట విన్నాక ఇక చూసుకో. నిద్రలో కూడా మూట తడుముకునేది.

అనుకున్నంతా అయింది. ఆ మరుసటేడే వానలు ఎక్కువై, నారుమడిలో మొక్కల మొదళ్ళు మెత్తబడ్డాయి. తెల్లటి బూజు పట్టింది. వారం తిరిగేసరికి నారంతా పడుకుంది. నాంచారమ్మ మూట విప్పి చూస్తే, అడుగున ఒక్క చిటికెడు గింజలు మిగిలాయి. అవే ఆఖరు. ఈసారి నారు పోతే గుండుమిరప అన్నమాటే భూమ్మీద ఉండదు.

ఊ కొట్టు. ఆ, అట్లా.

మళ్ళీ ఆరుద్ర కార్తె వచ్చింది. నారు పోసే రోజులు. ఆ ఊళ్ళో వాళ్ళంతా నారుమడి మీద ఊక పరిచి ఒకసారి కాలుస్తారు. కలుపు గింజలూ, పురుగూ పోతాయని. మన నాంచారమ్మ ఒకసారితో ఊరుకుంటుందా! మొదట ఊక పరిచి కాల్చింది. తృప్తి కలగలేదు. అప్పుడు కంప తెచ్చి కాల్చింది. అయినా బూజు ఎక్కడో దాక్కుందేమోనని అనుమానం. ఆ తర్వాత పిడకలు పేర్చి పగలంతా రగిలించింది. చల్లారాక మట్టినంతా జల్లెడ పట్టి, పాత వేరు ముక్క ఒక్కటి కనపడినా ఏరి అవతల పారేసింది.

ఒక్క ఈశాన్యం మూల మాత్రం వదిలేసింది. అక్కడ మొలకెత్తిన ఉల్లిపాయ ఒకటి గుచ్చింది లే, కూరలోకి ఉల్లికాడలకని. అది దుబ్బు కట్టి పచ్చగా ఉంది. పచ్చటి దాన్ని కాల్చడానికి చేతులు రాలేదు. అందుకని ఆ దుబ్బు చుట్టూ జానెడు మేర నిప్పూ పెట్టలేదు, జల్లెడా పట్టలేదు.

అప్పుడు గింజలు చల్లింది. తొమ్మిదో రోజుకి మొలిచాయి. లెక్క పెట్టుకుంది. నలభై మూడు. వాటిలో మూడు ఉల్లిదుబ్బు పక్కన, మిగతావన్నీ మడి మధ్యన. నలభై మూడింటికీ దణ్ణం పెట్టుకుంది. అమ్మయ్య, గండం గడిచింది అనుకుంది.

గడవలేదు.

రెండాకులు వేసిన నారు అక్కడే నిలబడిపోయింది. పదిరోజులైనా అంతే, ఇరవై రోజులైనా అంతే. ఊళ్ళో వాళ్ళ నారు బెత్తెడు పెరిగి గాలికి ఊగుతుంటే, ఈవిడ నారు బొటనవేలంత ఎత్తు దాటలేదు. పైగా ఆకుల అడుగున నేరేడుపండు రంగు తిరిగింది. కుళ్ళు లేదు, పురుగు లేదు. మట్టి చూస్తే అద్దంలా శుభ్రం. మొక్కలు మాత్రం తిండి మానేసిన పిల్లల్లా ముడుచుకుని కూర్చున్నాయి. మఖ కార్తె దాటితే ఆ నేలలో మిరప నాటినా కాయదు.

మొదట, దాహమేమో అనుకుంది. కుండలో నీళ్ళు గుడ్డలో వడగట్టి పొద్దునా సాయంత్రం పోసింది. నారు కదల్లేదు.

అప్పుడు, ఆకలేమో అనుకుంది. గొర్రెల పెంట నీళ్ళలో కలిపి గిన్నెలకి గిన్నెలు పోసింది. ఆకుల అంచులు మాడాయి.

ఆ తర్వాత, దిష్టేమో అనుకుంది. గుప్పెడు ఎండుమిరపకాయలూ ఉప్పూ తీసుకుని మడి చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో పడేసింది. మిరపకాయలతో మిరపనారుకే దిష్టి తీసిన మనిషిని ఇంకెక్కడా చూడం! ఇల్లంతా ఘాటు కమ్మి వీరాస్వామి దగ్గుతూ బయటికొచ్చాడు.

"పోనీలేవే. సంతలో గింజలు దొరకవా ఏంది? మిరపకాయ మిరపకాయే గదా," అన్నాడు.

నాంచారమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. సంతలో వాళ్ళమ్మ దొరుకుతుందా మరి? నువ్వే చెప్పు.

మర్నాడు పొద్దున్నే మడి దగ్గర కూర్చుంది. కూర్చుని కూర్చుని చూస్తుంటే, అప్పుడు కంట్లో పడింది. ఉల్లిదుబ్బు పక్కనున్న మూడు మొక్కలు పచ్చగా ఉన్నాయి. జానెడు లేచి నాలుగేసి ఆకులు వేశాయి. అన్నాళ్ళూ అటు చూస్తూనే ఉంది, ఈశాన్యం మూల మంచిదిలే అనుకుని ఊరుకుంది. ఇప్పుడు మాత్రం అనుమానం వచ్చింది.

గుండె రాయి చేసుకుని, మడి మధ్యలో ఊదారంగు మొక్క ఒకటి పీకింది. వేరు బోసిగా వచ్చింది. మట్టి జలజలా రాలిపోయింది. కడిగి ఆరేసిన దారంలా ఉంది ఆ వేరు.

అప్పుడు మూల మొక్క దగ్గరికి వెళ్ళింది. దాన్ని పీకలేదు. వేలితో మట్టి మెల్లగా తప్పించి చూసింది. ఆ మట్టి రాలదు! వేరుని కరుచుకుని గడ్డ కట్టింది. ఎండలో పట్టి చూస్తే, ఆ గడ్డ నిండా తెల్లటి పోగులు. వెంట్రుకని నిలువునా పదిసార్లు చీలిస్తే ఎంత ఉంటుందో, అంత సన్నం. మిరప వేరు నుంచి ఉల్లి వేరుకీ, ఉల్లి వేరు నుంచి ఇంకెటో మట్టిలోకీ పాకిపోయాయి.

నాంచారమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. తెల్లగా ఉంది. బూజు! నిరుడు నారుని మింగిన బూజే మళ్ళీ వచ్చిందనుకుంది. పచ్చటి మొక్కల సంగతి మర్చిపోయింది, ఊదా మొక్కల సంగతీ మర్చిపోయింది. భయం వేస్తే అంతేనమ్మా, కళ్ళెదుట ఉన్నది కనపడదు. గబగబా ఇంట్లోకి పరిగెత్తి చేటలో ఊకా, పిడక మీద నిప్పూ తెచ్చింది. ఉల్లిదుబ్బు చుట్టూ ఊక పోసింది. నిప్పు పెట్టడానికి వంగింది.

"అమ్మో, పెట్టేసిందా అమ్మమ్మా?"

ఊ కొట్టమన్నాను గానీ తొందరపెట్టమన్నానా! విను.

సరిగ్గా అప్పుడు దారిన మస్తానమ్మ వస్తోంది. ఉల్లి పండించే మస్తానమ్మ, పక్కింటావిడే. నెత్తిన గంపలో మట్టి. గంప దించి, నాంచారమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఏందే నాంచారీ ఇది? దేన్ని కాలుస్తున్నావు?"

"బూజక్కా! వేళ్ళకి బూజు పట్టింది. ఇది పాకితే నారంతా పోద్ది!"

మస్తానమ్మ మూలకి చూసింది, మడి మధ్యకి చూసింది. "బూజు లేంది చావబోతంది, బూజు ఉన్నది పచ్చగా ఉంది. పచ్చగున్న దాన్ని కాల్చుకుంటావా?" అంది.

నాంచారమ్మ పిడకని గట్టు మీద పెట్టింది.

"నా గంపలో ఏముందో చూడు," అంది మస్తానమ్మ. "కొత్త చేలో ఉల్లి వేస్తన్నా. పాత చేలో మట్టి, వేళ్ళతో సహా పట్టుకుపోతన్నా. కొత్త మట్టికి ఇది సారె. మా అమ్మ మోసేది, నేను మోస్తన్నా. ఎందుకని అడగమాక, నాకూ తెలీదు. మొయ్యని ఏడు ఉల్లి గడ్డ ఊరదు, అది మాత్రం తెలుసు."

మస్తానమ్మకి తెలియనిది నేను చెప్తాను, విను. వేరు ఎంత పాకినా మూరెడే పాకగలదు. దాని మూతి దగ్గర నేలసారం తిని ఊరుకుంటుంది. పక్కనే రాతి సందులో ఇంకా బోలెడు ఉన్నా అందుకోలేదు. ఈ తెల్లపోగులు మాత్రం వేరు దూరలేని సందుల్లో దూరతాయి. అక్కడి నుంచి నీటి చెమ్మా, సత్తువా మోసుకొచ్చి వేరుకిస్తాయి. భాస్వరమని మీ పుస్తకాల్లో ఉంటుందే, ఆ సత్తువ. ఊరికే ఇస్తాయా? ఆకు ఎండలో తీపి వండుకుంటుంది కదా, అందులో కాస్త వేరు వీటికి పెడుతుంది. పెట్టుకోవడమూ తెచ్చుకోవడమూ, ఇరుగుపొరుగులా. నిరుడు నారుని కుళ్ళబెట్టిన ఆ బూజు వేరే, ఇది వేరే. దొంగా తెల్లచొక్కా వేసుకుంటాడు, పంతులుగారూ వేసుకుంటారు. నాంచారమ్మ దొంగ మీద భయంతో పంతులుగారిని కూడా కలిపి మూడుసార్లు కాల్చేసింది.

మస్తానమ్మ తన గంపలో సగం మట్టి నారుమడి గట్టున పోసింది. "ఒక్కో మొక్క పక్కన వేలితో బొక్క చేసి, గుప్పెడు పెట్టి కప్పు. పెంటనీళ్ళు ఆపెయ్. పెంట పోసిన చోట ఈ మట్టి పని చెయ్యదని మా అమ్మ చెప్పేది. మూడు వారాలు ఆగు. ఒక్కటే మాట, పీకి చూడమాక. కదిలిస్తే మళ్ళీ మొదటికొస్తాది."

"ఇందులో నిరుటి రోగం ఉంటేనో అక్కా? ముందు రెండు మూడు ఊదా మొక్కలకి పెట్టి చూస్తా."

"మూడు వారాలకి గానీ తెలీదే. ఆ తర్వాత మిగతావాటికి పెడితే మఖ దాటిపోద్ది. పెడితే అన్నిటికీ పెట్టు, లేకుంటే మానెయ్."

నాంచారమ్మ నారు వైపు చూసింది. ముప్ఫై తొమ్మిది ఊదా మొక్కలు, మూలన మూడు పచ్చవి. వాళ్ళమ్మా, అమ్మమ్మా, ముత్తమ్మమ్మా దాచి దాచి ఇచ్చింది అంతా ఆ నలభై రెండే. శుభ్రం చేసి చంపిన దాన్ని, మురికిమట్టి పెట్టి బతికించాలిట. అయినా కూర్చుంది. ఒక్కో మొక్క పక్కన బొక్క చేసింది, గుప్పెడు మట్టి పెట్టింది, కప్పింది. ముప్ఫై తొమ్మిదింటికీ పెట్టేసరికి ఎండ నడినెత్తి మీదికొచ్చింది, ఆవిడ జాకెట్టు చెమటతో తడిసిపోయింది.

మొదటి వారం గడిచింది. ఏ మార్పూ లేదు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి పీకి చూద్దామనుకుంది. పీకింది. వేరుకి ఏదో మొదలైనట్టుంది, మొదలవనట్టూ ఉంది. మళ్ళీ గుచ్చితే సాయంత్రానికి వాడిపోయింది. చేజేతులా చంపుకున్నానని తల బాదుకుంది.

రెండో వారం నారు ఇంకా చిక్కింది. ఎందుకో తెలుసా? చుట్టాలు దిగగానే పనిలో చెయ్యి వేస్తారా? ముందు భోజనం పెట్టాలి. పోగులు కూడా మొదట్లో తింటాయి, ఆ తర్వాతే తెస్తాయి. ఆ సంగతి నాంచారమ్మకి తెలియదు కదా. చెయ్యి మొక్క దాకా వెళ్ళింది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని లాక్కుని, ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

మూడో వారం వాన పట్టింది. మామూలు వాన కాదు, ముసురు. నిరుడు నారుని ముంచిన వాన ఇట్లాగే పట్టింది. మడి మీద తాటాకులు కప్పారు, గట్టు తెంపి నీళ్ళు బయటికి పంపారు. ఇక చెయ్యగలిగింది లేదు. నాంచారమ్మ చూరు కింద కూర్చుని, పీకి చూడకుండా చేతులు రెండూ తొడల కింద పెట్టుకుంది. మొదటి రోజు అట్లాగే. రెండో రోజు అట్లాగే. మూడో రోజు వీరాస్వామి పక్కన వచ్చి కూర్చున్నాడు. సంత మాట ఎత్తలేదు. "మీ అమ్మ పచ్చడి రుచి నాకూ గుర్తుందే," అన్నాడు. అప్పుడు ఏడుపొచ్చింది ఆవిడకి. భోరున ఏడ్చింది.

నాలుగో రోజు తెరిపి ఇచ్చింది. నాంచారమ్మ బురదలో కాళ్ళీడ్చుకుంటూ మడి దగ్గరికి వెళ్ళింది. తాటాకు ఎత్తడానికి చెయ్యి రాలేదు. కళ్ళు మూసుకుని ఎత్తింది.

నారు పడుకోలేదు. మొదళ్ళు గట్టిగా ఉన్నాయి. మొదటి మొక్క నడినెత్తిన ఒక చిగురు, గోరంత, లేతపచ్చ. రెండోదానికీ ఉంది. మూడోదానికీ. పాత ఆకులు ఊదాగానే ఉన్నాయి, పాపం, వచ్చిన చిగురు మాత్రం అచ్చం పచ్చ. అప్పుడు నాంచారమ్మ ఆ బురదలోనే కూలబడి, "మస్తానక్కా! అక్కో!" అని కేక పెట్టింది. ఆ కేకకి ఊళ్ళో వాళ్ళు పాము కరిచిందనుకుని కర్రలు పట్టుకుని వచ్చారు.

చిగురు రావడమే ఆలస్యం, ఇక ఆగలేదు. మఖ కార్తె చివర్లో చేలో నాటారు. నాటే చోటల్లా ఉల్లిచేను మట్టి గుప్పెడు పెట్టారు. నాటిన నలభై ఒకటిలో ముప్ఫై ఎనిమిది బతికాయి. ఆ ఏడు మధ్యలో ఇరవై రోజులు వాన మొహం చాటేసింది. చుట్టుపక్కల చేలల్లో మిరప తలలు వాల్చేసింది. ఈ ముప్ఫై ఎనిమిదీ మధ్యాహ్నం కాస్త వాడినా, పొద్దున్నకి మళ్ళీ లేచి నిలబడేవి. చెమ్మ ఎక్కడుందో పోగులకి తెలుసు కదా. ఆ తర్వాత కాసింది చూడు, ఎర్రటి గుండుకాయ. మొదటి కాయలు నాంచారమ్మ నోట్లో వేసుకోలేదు. గంపకెత్తి మస్తానమ్మ ఇంటికి పంపింది.

మరి నాంచారమ్మకి భయం పోయిందా? ఎక్కడ పోతుంది! పాలు పొంగుతాయేమోనని అట్లాగే పరిగెత్తేది. కానీ ఆ తర్వాత నారుమడి ఎప్పుడు కాల్చినా ఒక్కసారే పైపైన కాల్చింది. కాల్చాక మట్టి సారె పెట్టింది.

కొన్నేళ్ళకి నాంచారమ్మ కూతురికి పెళ్ళైంది. అత్తారింటికి పంపేటప్పుడు ఆ పిల్ల కొంగున రెండు ముడులు వేసింది. ఒకదాంట్లో గింజలు. రెండోదాంట్లో వేళ్ళతో సహా గుప్పెడు మట్టి. అక్కడ దిగగానే ముడులు విప్పి చూసి అత్తగారి వైపు వాళ్ళు పకపకా నవ్వారు. "మీ ఊళ్ళో ఆడపిల్లకి మట్టి పెట్టి పంపుతారా ఏంది?" అన్నారు. ఆ పిల్ల పెరట్లో ఉల్లిపాయ ఒకటి గుచ్చి, దాని మొదట్లో ఆ మట్టి పోసి పెట్టుకుంది. ఆరుద్ర రాగానే ఆ మట్టి పెట్టి నారు పోసింది. మరుసటేడు ఆ నవ్విన వాళ్ళే పచ్చట్లో చెయ్యి పెట్టి, ముక్కులు చీదుకుంటూ, ఇంకాస్త వెయ్యమ్మా అని కంచాలు ముందుకి జరిపారు.

"ఆ పిల్ల ఎవరు అమ్మమ్మా?"

పొద్దున్న వేలితో నాకి చూసి, ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడ్చావే, ఆ పచ్చడి ఎవరు చేశారు?

"నువ్వు!"

మరింకేం. పెరట్లో ఉల్లిదుబ్బు కింద మట్టి తవ్వద్దని రోజూ ఎందుకు కేకలేస్తానో తెలిసిందా? మా అమ్మకి వాళ్ళమ్మ చెప్పిన మాటే మా అమ్మ నాకూ చెప్పింది, ఇది నీ దగ్గర ఆగిపోకూడదు తల్లీ అని. నాకూ అప్పుడప్పుడూ గుబులుగానే ఉంటుంది. ఈ ఆరుద్రకి నువ్వొచ్చి నా పక్కన కూర్చుని, నీ చిన్న వేలితో బొక్కలు చెయ్యాలి. పీకి మాత్రం చూడకూడదు. సరేనా? ఏదీ, ఒట్టు.

గుప్పెడు మట్టి గంపలో,
గుప్పెడు గింజలు కొంగులో,
పోగూ వేరూ జట్టు కట్టె,
ఊదా ఆకు పచ్చబట్టె,
గుండుమిరప గుత్తులు కాసె,
ముక్కు చీది మూడు ముద్దలు మేసె.
కథ నడిచి కంచికి పోయె,
మనం ఇంట్లో నిద్దరపోతిమి, హాయి!